శుభ్రంగా వినపడే లైను

తాళాల మేస్త్రీకి జీవితంలో ఒకే ఒక్క గర్వం. బుద్ధెరిగాక తనకు టోపీ పెట్టినవాడు ఇంకా పుట్టలేదని. పళ్ళు కొంటే అడుగున ఉన్న పండు పైకి తీయించేవాడు. మాత్రలు కొంటే అట్ట మీద తేదీ చదివి, ఆ తేదీ వేసిందెవరని అడిగేవాడు. దారిన పోయేవాణ్ణి టైమెంతయిందని అడిగి, వాడు చెప్పాక ఆ గడియారం ఒకసారి చూపించమనేవాడు. వీధిలో వాళ్ళు ముందు ఆయన్ని మేస్త్రీ అనేవారు, వెనక అనుమానం అనేవారు. వెనక అంటారని ఆయనకు తెలుసు. ఎవరెవరు అంటారో కూడా తెలుసు.

"అందులో తప్పేముంది?" అనేవాడు భార్యతో. "లోకంలో అందరూ మంచివాళ్ళే అయితే తాళాలెవడు కొంటాడు? మనం తింటున్న తిండి అనుమానం పెట్టిందే."

"అయితే ఈ పూట కూడా అనుమానంతోనే తినండి. కూరలో ఉప్పు వేశానో లేదో నాకే గుర్తులేదు" అనేది ఆవిడ.

ఇంటి ముందు గదే దుకాణం. గోడ నిండా మేకులు, మేకు మేకుకీ తాళంచెవులు. కిటికీ పక్కన పనిబల్ల, దాని మీద చెవులు అరగదీసే ఆకురాళ్ళు, ఇనుప రజను, ఒక పాత గొళ్ళెం. బల్లకు చేరువలోనే గోడకు ఫోను. అది పనికోసం పెట్టించుకున్నది కాదు. అక్క కోసం పెట్టించుకున్నది.

అమ్మ పోయినప్పుడు మేస్త్రీకి పాలపళ్ళు కూడా ఊడలేదు. అక్కే తల దువ్వింది, అక్కే తిట్టింది, అక్కే బడిలో దింపి తమ్ముడు ఏడుస్తుంటే గేటు బయట బడి విడిచేదాకా కూచుంది. అటువంటి అక్కను ఒక టైలరు పెళ్ళి చేసుకుని, రైలెక్కితే మర్నాటికి గానీ చేరని ఊరికి తీసుకుపోయాడు. ఆ టైలరు బావ మీద మేస్త్రీకి మొదటి రోజు నుంచే అనుమానం. కారణమేమిటంటే ఆయన మరీ మెత్తగా మాట్లాడేవాడు. ఏమన్నా నవ్వేవాడు. అంత మంచిగా ఉండాల్సిన అవసరం మనిషికి ఏమొచ్చిందన్నది మేస్త్రీ ప్రశ్న. అప్పటికి ఇంకా పని నేర్చుకుంటున్న మేస్త్రీ, తన చేత్తో మొట్టమొదట చేసిన తాళాన్ని అక్క వెంట పంపాడు. అమ్మ వస్తువులున్న ఇనప్పెట్టెకు వేయించాడు.

"దీనికి ఒకటే చెవి అక్కా. రెండోది ఎవరి చేతిలో కనపడినా నాకు చెప్పు" అన్నాడు, బావ వైపు చూస్తూ.

బావ నవ్వాడు. అదీ మేస్త్రీకి నచ్చలేదు.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున్న ఫోను. చాలా ఏళ్ళు బాగానే నడిచింది. కిందటి ఏడాది నుంచి మాత్రం ఏదో తేడా వచ్చింది. లైనులో బరబరమని మోత ఎప్పుడూ ఉన్నదే. కానీ ఇప్పుడు అక్క మాటిమాటికీ "లైను బాగాలేదురా, మళ్ళీ చెప్పు" అంటోంది. మళ్ళీ చెప్పినా ఆగి, ఆగి జవాబిస్తోంది. లేకపోతే ఎడతెగకుండా తనే మాట్లాడి, ఉంటానంటూ పెట్టేస్తోంది. పైగా ఏటా వచ్చేవాళ్ళు ఈ ఏడు రాలేదు. ప్రయాణం పడటం లేదన్నారు. వీటన్నిటికీ తోడు అక్క ఒక్కోసారి, "మీ బావ మోకాలెలా ఉందని అడిగావుగా, కాస్త నయంరా" అనేది. మేస్త్రీ ఆ మోకాలి ఊసే ఎత్తి ఎరగడు. బావకు మోకాళ్ళున్నాయన్న ధ్యాస కూడా ఆయనకు ఎప్పుడూ లేదు.

"నేను అడగంది అక్కకెలా వినపడింది?" అన్నాడు భార్యతో.

"లైనులు కలిసిపోయి ఇంకెవరి తమ్ముడో అడిగుంటాడు. ఎవరో ఒకరు అడిగారు, సంతోషించండి" అంది ఆవిడ.

లైను మార్చుకోవచ్చని తెలిసింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఊళ్ళో ఫోను ఎవరిదైనా సరే, దూరపు ఊళ్ళకు మాట్లాడటానికి ఇష్టమైన కంపెనీని ఎంచుకోవచ్చట. నంబరుకు ముందు ఆ కంపెనీ అంకెలు తిప్పితే చాలు. పాత కంపెనీ కాక కొత్తవి రెండు దిగాయి. వీధి గోడల మీద సగం నీలం కాయితాలు, సగం పసుపు కాయితాలు. అన్నిటి మీదా ఫోను పట్టుకుని పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్న మనుషులు. ఫోనులో అంత నవ్వు తెప్పించే కబురు ఏముంటుందా అని మేస్త్రీ ఒక్కొక్క కాయితం ముందూ నిలబడి చూశాడు.

ముందుగా దుకాణం మెట్లెక్కినవాడు నీలం కంపెనీ కుర్రాడు.

"మా లైనులో మాట్లాడితే పక్క గదిలో ఉన్నట్టే ఉంటుంది సార్."

"పక్క గదిలో ఉంటే ఫోనెందుకయ్యా, కేకేస్తే పోతుందిగా."

"మొదటి వారం పూర్తిగా ఉచితం సార్."

అంతే, మేస్త్రీ చేతిలో ఆకురాయి ఆగిపోయింది. "ఉచితమా? ఎందుకు? నేను నీకు అల్లుణ్ణా?"

కుర్రాడు బిక్కమొహం వేశాడు. మేస్త్రీ ఆ కాయితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. అడుగున చీమ తలకాయంత అక్షరాలు కనపడ్డాయి. వాటిని కుర్రాడి చేతే చదివించాడు. వాడికీ సగం అర్థం కాలేదు.

తరవాత వచ్చింది పసుపు కంపెనీ ఆవిడ. భుజాన సంచీ, చెమట పట్టిన ముఖం. నవ్వలేదు. ఊరించలేదు. "వారం వాడి చూడండి. బాగుంటే ఉంచుకోండి, లేకపోతే మానేయండి" అని కాయితం బల్ల మీద పెట్టి కుర్చీ అడిగి కూచుంది. ఆ నవ్వకపోవడం మేస్త్రీకి మొదట ఎంతో నచ్చింది. ఆవిడ వెళ్ళాక ఆలోచనలో పడ్డాడు. "నవ్వితే ఈ ముసలాడు నమ్మడని ఎవరో నేర్పి పంపారు" అన్నాడు.

సాయంత్రానికి పాత కంపెనీ నుంచి ఎవరో ఫోను చేసి, బాగున్నారా, ఇంట్లో అంతా కులాసానా అని అడిగారు. "ఇన్నేళ్ళూ నా గోల పట్టనివాళ్ళకి ఇవాళ నా కులాసా కావలసొచ్చింది!" అని మేస్త్రీ ఫోను ఠపీమని పెట్టేశాడు.

ముగ్గురూ దొంగలేనని తేలిపోయింది. ఇక వాళ్ళలో ఎవరు నయం అన్నదే మిగిలింది. రేట్ల సంగతి ఆయన పట్టించుకోదలచలేదు. రేట్లు వాళ్ళ చేతిలో ఉంటాయి, ఎలా కావాలంటే అలా తిప్పుకుంటారు. గొంతు మాత్రం తన చెవి దగ్గరికి రావలసిందే. చెవి విషయంలో మేస్త్రీని మోసం చెయ్యడం కష్టం. తాళంలో చెవి తిప్పితే లోపల ఏ మీట లేచింది, ఏది లేవలేదన్నది చప్పుడును బట్టి పోల్చేవాడు. కాబట్టి ఎవరి లైనులో అక్కకు తన మాట బాగా వినపడితే వాళ్ళదే ఖాయం అనుకున్నాడు.

ఆదివారం పాత లైను మీదే అక్కకు ఈ కబురు చెప్పాడు. పొంగిపోతుందనుకున్నాడు.

కాస్సేపు బరబర. ఆ తరవాత అక్క గొంతు వచ్చింది. "వద్దులేరా తమ్ముడూ. ఉన్నదేదో ఉంది. ఈ వయసులో కొత్త లైనులెందుకు?"

"నువ్వే కదక్కా లైను బాగాలేదు, బాగాలేదని నా తల తిన్నావు!"

మళ్ళీ బరబర. "ఏదో అన్నానులే. మార్చకు. నా మాట విను."

మేస్త్రీ ఫోను పెట్టి పనిబల్ల ముందు కూచున్నాడు గానీ పని సాగలేదు. లైను బాగాలేదని ఏడాదిగా అంటున్న మనిషి, బాగుచేస్తానంటే వద్దంటోంది. ఆ మాట అక్కది కాదు. ఎవరో పక్కన నిలబడి అనిపించారు. ఆ ఎవరో ఎవరన్నది వేరే చెప్పాలా? మెత్తగా మాట్లాడే మనిషి, ఏమన్నా నవ్వే మనిషి. ఆలోచించినకొద్దీ ఆయనకు ఇంకో సంగతి తట్టింది. ఇద్దరే ఉండే ఇంట్లో రెండో ఫోను పెట్టించారని అక్క ఆ మధ్య మాటల్లో నోరుజారింది. ఇద్దరికి రెండు ఫోనులెందుకు? ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు పొంచి వినడానికి కాకపోతే?

"అన్నయ్యగారు చీమకి కూడా దారిచ్చే మనిషండీ" అంది భార్య.

"చీమ దగ్గర దోచుకోవడానికేముంది?" అన్నాడు మేస్త్రీ.

పరీక్షకు ఆయన ఒక పెద్ద పాత తాళాన్ని వాడాడు. దాన్ని మాట్లాడేచోటుకు దగ్గరగా పట్టి నెమ్మదిగా చెవి తిప్పితే లోపల మీటలు ఒకటొకటే టిక్కుమని పడతాయి. ఎన్ని వినపడ్డాయో అక్క చెప్పాలి. పాత లైనులో చేసి చూస్తే అక్క అసలేమీ వినపడలేదంది. నీలం లైనులో చేస్తే గొంతు దగ్గరగానే వచ్చింది గానీ ప్రతి మాటకూ తోక ఉన్నట్టు వెనకాలే ఇంకోసారి వినపడింది. అక్క లెక్క తప్పింది. పక్క గది అన్నాడు గానీ పాడుబడ్డ గిడ్డంగి అని చెప్పలేదని మేస్త్రీ నీలం కాయితాన్ని చింపి, ఇనుప రజను ఎత్తడానికి వాడుకున్నాడు.

పసుపు లైను తిప్పినప్పుడు మాత్రం ఆయన ఉలిక్కిపడ్డాడు. మోత లేదు, తోక లేదు. అక్క ఊపిరి కూడా వినపడింది. ఆవిడ ఇంట్లో గోడగడియారం కొట్టుకోవడం వినపడింది. ఏడాదిగా గోడ అవతల నుంచి మాట్లాడుతున్న మనిషి ఎదురుగా వచ్చి కూచున్నట్టు అనిపించి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. తాళం తిప్పాడు. కాస్త ఆగి అక్క టిక్కులు సరిగ్గా లెక్క చెప్పింది.

"ఇదే ఖాయం అక్కా!" అన్నాడు సంబరంగా.

అప్పుడు వినపడింది ఆ చప్పుడు. గీక్, గీక్. గీక్.

మేస్త్రీ మాట ఆపాడు. చప్పుడు ఆగింది. అక్క మాట్లాడుతోంది, చప్పుడు లేదు. మళ్ళీ ఆయన ఏదో అన్నాడు. గీక్, గీక్, గీక్. గట్టి వస్తువు మీద గరుకు వస్తువు. జాగ్రత్తగా, చిన్న చిన్న దెబ్బలుగా.

పని నేర్చిన దగ్గర నుంచి ఆ చప్పుడు మధ్యే బతికిన మనిషికి ఇంకొకరు చెప్పాలా? ఎవరో ఆకురాయితో తాళంచెవి అరగదీస్తున్నారు.

ఫోను పెట్టేసి భార్యను పిలిచాడు. "అర్థమైందా? అక్క నా మాట వినేటప్పుడు గీకుతున్నాడు. అక్క మాట్లాడేటప్పుడు తల తిప్పి చూస్తుందేమోనని ఆపేస్తున్నాడు. ఆదివారం ఆదివారం ఆవిణ్ణి ఫోను ముందు కూచోబెట్టి, వెనకాల మారుతాళం చేస్తున్నాడు! పాత లైను మోతలో మనకి వినపడలేదు. అందుకే మార్చొద్దని అనిపించాడు!"

అన్నీ అతికినట్టు సరిపోయాయి. తనకంటే తెలివైనవాడు ఉంటే చూపించమన్నట్టు నిలబడ్డాడు.

"ఏ ఎలుకో గీకుతుందేమో" అంది భార్య.

"నేను నోరు తెరిస్తే గీకి, మూస్తే మానే ఎలుకా?"

ఆ రోజంతా ఆయన బల్ల దగ్గర కూచుని ఏ పనీ చెయ్యలేదు. కోపం వచ్చింది నిజమే గానీ, కోపం కంటే ఎక్కువ భయం వేసింది. అక్క ఆ ఇంట్లో ఒంటరిది. కట్టుకున్నవాడే పెట్టె తాళం గీకుతుంటే, ఆ సంగతి తెలియక తమ్ముడితో నవ్వుతూ మాట్లాడుతోంది. పోయిన చలికాలం కాస్త జ్వరం వచ్చిందని చెప్పింది. ఆ జ్వరమేమిటో, నిజానికి అది జ్వరమో కాదో!

"వచ్చే ఆదివారం మొహం మీదే అడిగేస్తాను. అవునని తేలిందా, రైలెక్కి వెళ్ళి అక్కని తీసుకొచ్చేస్తాను" అన్నాడు.

భార్య చేతిలో పని వదిలేసి వచ్చి ఎదురుగా కూచుంది. ఇప్పుడు ఆవిడ ముఖంలో వేళాకోళం లేదు. "చూడండి. మీరు పండ్లవాణ్ణి అనుమానిస్తే వాడు ఇంకో పండిస్తాడు. ఈ మాట ఒకసారి నోరు జారాక వెనక్కి రాదు. నిజమైతే వదిన కాపురం పోతుంది. అబద్ధమైతే వదినకి మీరు పోతారు. ఆవిడకి ఉన్నది మీరిద్దరే."

వారమంతా ఆ మాట ఆయన్ని గుచ్చుతూనే ఉంది. అయినా ఆదివారం వచ్చేసరికి పసుపు కంపెనీ అంకెలు తిప్పాడు.

"ఏరా తమ్ముడూ, తిన్నావా?" అంది అక్క.

"తిన్నానక్కా. నీ ఒంట్లో ఎలా ఉంది?"

గీక్, గీక్. "నాకేంరా, గుండ్రాయిలా ఉన్నాను."

"అమ్మ పెట్టె తాళంచెవి నీ దగ్గరే ఉందా అక్కా?"

గీక్, గీక్, గీక్, గీక్. ఈసారి చాలాసేపు గీకుడు. ఆ వెనక ఒక మగవాడి నిట్టూర్పు, సన్నగా, స్పష్టంగా. ఆ తరవాతే అక్క గొంతు. "నా మెళ్ళోనే ఉందిరా. ఎక్కడికి పోతుంది?"

మేస్త్రీ ఒళ్ళు భగ్గున మండింది. గుమ్మంలో నిలబడ్డ భార్య వద్దు వద్దని చెయ్యి ఊపడం ఆయనకు కనపడింది. కనపడినా ఆగలేదు.

"బావా! కింద పెట్టు ఆకురాయి! అక్కడే ఉన్నావని నాకు తెలుసు! పెళ్ళాన్ని ఫోను ముందు కూచోబెట్టి వెనకాల ఆవిడ పెట్టెకే మారుతాళం గీకుతావా? ఇన్నేళ్ళ నుంచీ చూస్తున్నాను నిన్ను, నీ నవ్వూ నువ్వూ! దొంగా!"

గోడ మీద తాళంచెవులు అదిరాయేమో అన్నంతగా అరిచాడు. భార్య నెత్తి కొట్టుకుంది. అవతల గీకుడు టక్కున ఆగిపోయింది. గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

అంతలో అక్క మాట్లాడింది. అదే గొంతు, అదే హుషారు.

"అన్నట్టు చెప్పడం మరిచిపోయానురా! పక్కింటివాళ్ళ పిల్లి మన కుట్టుమిషను కిందకొచ్చి పిల్లల్ని పెట్టింది. మీ బావ మిషను తొక్కితే వాటికి నిద్ర చెడుతుందని చేత్తో కుడుతున్నారు. ఎక్కడైనా ఉందా ఇలాంటి చోద్యం?" అని తనలో తను పకపకా నవ్వింది.

మేస్త్రీ నోరు తెరుచుకునే ఉండిపోయింది. "అక్కా" అన్నాడు.

"ఒకటి తెల్లది, తక్కినవన్నీ మసిగుడ్డల్లా ఉన్నాయి."

"అక్కా! అక్కా!" ఇందాకటి కంటే గట్టిగా అరిచాడు. వీధిలో పోయేవాళ్ళు తొంగిచూశారు.

"ఆ తెల్లదానికి ఇంకా కళ్ళు తెరుచుకోలేదు పాపం" అంటోంది అక్క, తీరిగ్గా.

మేస్త్రీకి కూచుందామంటే కుర్చీ ఎక్కడుందో తెలియలేదు. ఇంత శుభ్రమైన లైనులో, గడియారం టిక్కుమనడం వినపడే లైనులో, తన అరుపు అక్కదాకా చేరలేదు.

అవతల చిన్నగా గీక్, గీక్ మంది. "అయ్యో, లైను పోయిందా?" అంది అక్క. "నేను ఇంతసేపూ ఊరికే మాట్లాడానన్నమాట! సరే, మీరు పట్టుకుని చూస్తూ ఉండండి, పొయ్యి మీద పాలు చూసొస్తా." ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరంగా పోతున్న అడుగులు.

అప్పుడు బావ గొంతు వచ్చింది. ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "పోలేదు నాయనా. లైను పోయిందని రాశాను."

"రాయడమేమిటి బావా?"

"బట్టలు కత్తిరించే బల్ల మీద, సుద్దముక్కతో. నేను రెండో ఫోనులో వింటాను, నువ్వన్నది రాస్తాను. మీ అక్క చదివి జవాబు చెబుతుంది. పోయిన చలికాలం జ్వరం వచ్చింది చూడు, అందులో రెండు చెవులూ పోయాయి. చెవికి మిషను కూడా పెట్టించాను. ఉత్త గోల తప్ప మాట రావట్లేదని తీసేసింది. డాక్టరు ఇక రాదనే అన్నాడు."

"ఏడాది! ఏడాదిగా నాకు ఒక్క మాట చెప్పకుండా..."

"చెబుదామనే అన్నాను. మీ అక్కే ఒట్టు వేయించుకుంది. జ్వరం వల్ల చెవులు పోయాయంటే నువ్వు నమ్మవట. మా వాడు ముందు అడిగేది, 'మీ ఆయన నిన్ను కొట్టాడా' అనే కదా అంది."

మేస్త్రీ తెరిచిన నోరు మూసేశాడు. సరిగ్గా ఆ ప్రశ్నే అప్పుడు ఆయన నాలుక మీద ఉంది. ఇన్నేళ్ళుగా లోకంలో అందరి లోపలి గుట్టూ తనకు తెలుసనుకున్నాడు. తన గుట్టు ఇంతబాగా తెలిసిన మనిషి, అది తెలిసినందుకే తన కష్టాన్ని తమ్ముడికి చెప్పకుండా దాచుకుంది. ఆయనకు ఏడుపొచ్చింది. దుకాణంలో ఎవరైనా చూస్తారని కూడా ఆలోచించకుండా ఏడ్చాడు.

ఆ ఏడుపు విని బావ అన్నాడు: "నువ్వు అరిచింది మీ అక్కకి రాయలేదు. రాయను కూడా. నువ్వూ మరిచిపో."

"దొంగ అన్నాను బావా నిన్ను."

"అదేం పూర్తి అబద్ధం కాదులే. పాత లైనులో నీ మాట సగం నాకే అందేది కాదు. మీ అక్కేమో బల్ల వైపే చూస్తూ కూచునేది. ఏమీ రాయకుండా ఎలా ఉండను? అందని చోటల్లా నేనే ఏదో ఒకటి కల్పించి రాసేవాణ్ణి. అక్కా, నీ ఆరోగ్యం జాగ్రత్త అన్నావని రాసేవాణ్ణి. నా మోకాలెలా ఉందని అడిగావని రాసేవాణ్ణి. నువ్వు నన్ను పలకరించావంటే మీ అక్క ముఖం ఎంత వెలిగేదో! అందుకని వారం వారం నీ చేత అడిగించాను."

మేస్త్రీ ముఖం ముంజేతితో తుడుచుకున్నాడు. చేతికంటిన ఇనుప రజను బుగ్గకు అంటుకుంది. "తప్పయిపోయింది బావా" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట భార్య వినడం అదే మొదటిసారి.

"ఈ లైనే తీసుకో. ప్రతి ముక్కా వినపడుతోంది, నాకు కల్పించే పని తప్పుతుంది. ఒక్కటే అడుగుతాను. నీకు తెలిసిపోయిందని ఆవిడకి తెలియనివ్వకు. ఆదివారం ఆ బల్ల ముందు కూచుని నీతో మాట్లాడుతుంటే, నీ దగ్గర మాత్రం తను ఎప్పటిలాగే ఉన్నాననుకుంటుంది. అదొక్కటీ ఉంచు" అన్నాడు బావ. అడుగుల చప్పుడు దగ్గరకొచ్చింది. సుద్ద గీకింది. "లైను వచ్చిందా!" అంది అక్క. "ఏరా, ఎందాకా విన్నావు?"

"పిల్లి దాకా విన్నానక్కా" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు పసుపు కంపెనీ ఆవిడ వచ్చి ఏం తేల్చుకున్నారని అడిగింది. మేస్త్రీ సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు. చీమ తలకాయ అక్షరాలు చదవమనలేదు. ఆవిడే కంగారుపడి, ఒకసారి చదువుకోండి అంది. "మీరు చదివారుగా, చాలు" అని సంతకం చేసిచ్చాడు. లోపలి నుంచి భార్య వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఆ తరవాతి ఆదివారం మేస్త్రీ దుకాణం తలుపు దగ్గరగా వేసి ఫోను తీశాడు. ఈసారి మాట ఒక్కటొక్కటే పలికాడు. ఒక మాట అన్నాక సుద్ద ఆగేదాకా ఆగేవాడు. అది ఆగాక అక్క జవాబిచ్చేది. ఆ చప్పుడంతా తన కోసం ఒక మనిషి పడుతున్న శ్రమ అని తెలిశాక, ఆ గీకుడు ఆయన చెవికి గరుగ్గా అనిపించలేదు. వీధి కబుర్లు చెప్పాడు. పిల్లి సంగతి అడిగాడు. మధ్యలో ఒకచోట తొందరపడి రెండు మాటలు కలిపేశాడు. అవతల బావ వెనకపడ్డాడు. సుద్ద గబగబా గీకుతూనే ఉంది. ఆలస్యమైంది.

ఆ ఖాళీలో అక్కకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆవిడకు తెలిసిన దారి ఒకటే. "ఏంట్రా ఇది, ఈ కొత్త లైను పాతదానికంటే అధ్వాన్నంగా ఉంది! నీ మాట సరిగ్గా రావటమే లేదు. నిన్ను ఎవరో బాగా మోసం చేశార్రా తమ్ముడూ!"

మేస్త్రీ ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు. గుమ్మంలో భార్య ఊపిరి బిగపట్టి చూస్తోంది. ఆ లైనులో అక్క గొంతు చల్లగా, దగ్గరగా, ఒక్క అక్షరం చెదరకుండా వినపడుతోంది.

"అవునక్కా" అన్నాడు నెమ్మదిగా, బావకు అందేలా. "మోసపోయాను."

సుద్ద ఒక్క గీత కూడా గీకలేదు. బావ రాయడం లేదు. మేస్త్రీకి ఆయన మంచితనం అర్థమైంది. ఈ మాట రాయడం ఆయనకు ఇష్టం లేదు.

"రాయి బావా" అన్నాడు మేస్త్రీ. "ఉన్నదున్నట్టు రాయి."

కాసేపటికి గీక్, గీక్ మంది. ఆ వెనకే అక్క నవ్వు వచ్చింది. చిన్నప్పుడు బడి గేటు బయట తనను చూసి నవ్విన నవ్వే. "పోనీలేరా, ఎవరికైనా జరుగుతుంది" అంది అక్క. "వచ్చే వారం ఇంకాస్త గట్టిగా మాట్లాడు."